నంబరు మూడుసార్లు చదివించిన టీచరుగారు

టీచరుగారు పోయారన్న కబురు నాకు పామర్రు సెంటర్లో అందింది. ఉదయం ఎనిమిదిన్నర అయింది. అల్పపీడనం వాన రెండో రోజు. కాలువ గట్టు తెగిందంటే చూసి పేపర్లో రాయడానికి గుడివాడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది కుమారి. బందరులో ఒక ట్రస్టు ఆసుపత్రి కంప్యూటర్ గదిని చూసుకునే ఉద్యోగి. నేను నేర్చుకున్న చాలా ఏళ్లకు అదే టీచరుగారి దగ్గర టైపు నేర్చుకుంది.

"అన్నయ్యా, టీచరుగారు ఇక లేరంటండీ. తెల్లవారుజామున గుండెల్లో నొప్పన్నారంట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే... నాలుగింటికి అవనిగడ్డలో భూస్థాపన."

వెంటనే ఇంకోమాట కూడా చెప్పింది.

"ఏడో డిస్కు పొద్దున్నుంచి మొరాయిస్తోంది. ఏడింటికే పక్కన పెట్టేశాను. ఇప్పుడు కాగితం ఎవరు చదువుతారన్నయ్యా?"

ఒక మనిషి చనిపోయిన రోజున ఇదేం ప్రశ్న అని పాఠకులకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ ప్రశ్నతోనే టీచరుగారు లేరన్న సంగతి తెలిసివచ్చింది.

ఆ ఆసుపత్రికి బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో స్కానింగ్ కేంద్రాలున్నాయి. మూడు చోట్ల తీసిన ఎక్స్‌రేలు, స్కాన్లు అన్నీ బందరులోని ఒక చిన్న ఏసీ గదిలోకి చేరతాయి. అక్కడ మూడు మెషిన్లున్నాయి. ఒక్కోదానిలో నాలుగు డిస్కులు. మూడూ కలిసి ఒకటిగా పనిచేస్తాయి కాబట్టి దాన్ని క్లస్టర్ అంటారు. ప్రతి ఫిల్మూ రెండు డిస్కుల మీద ఉంటుంది. ఒక డిస్కు పాడైతే, రెండోదాన్ని చూసి క్లస్టరే ఇంకో కాపీ తయారు చేసుకుంటుంది. ఆ కాపీ పూర్తయ్యేదాకా కొన్ని ఫిల్ములు ఒక్కచోటే ఉంటాయి. ఆ సమయంలో చెడిపోయిన డిస్కు బదులు మంచి డిస్కును తుడిచేస్తే ఆ ఫిల్ములు ఇక ఎక్కడా ఉండవు. నిరుడు కనిపించిన గడ్డ ఈ ఏడు పెరిగిందో లేదో డాక్టరు చెప్పాలంటే నిరుటి ఫిల్ము కావాలి. ఆ గదిలో ఉన్నది అదీ.

క్లస్టర్ పెట్టినవాళ్లు ఇంగ్లిషులో లావుపాటి మాన్యువల్ ఒకటి ఇచ్చి వెళ్లిపోయారు. నేను దాన్ని చదివాను. తప్పులేమీ లేవు. అన్నీ తెలిసినవాళ్లు, అన్నీ తెలిసినవాళ్ల కోసం రాసిన పుస్తకం. డిస్కును చోటు కదపకుండా వాడకంలోంచి పక్కన పెట్టడం, ఆపడం, జాబితాలోంచి తీసేయడం, లోపలిదంతా తుడిచేయడం వేరువేరు పనులు. ఒక్కోదానికి ఒక్కో కమాండు. నాలుగూ ఒకే పేజీలో, ఒకే సైజు అక్షరాల్లో, వరుసగా ఉన్నాయి. మొదటి మూడింటి తర్వాత వెనక్కి రావచ్చు. చివరిదాని తర్వాత రాలేం. ఆ తేడా పేజీ అడుగున చిన్న గమనికలో ఉంది.

కుమారి ఆ పుస్తకం పట్టుకుని టీచరుగారి దగ్గరికి వెళ్లింది.

టీచరుగారు బందరులో ముప్పై ఏళ్లకు పైగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. నేను పంతొమ్మిదేళ్లప్పుడు అక్కడ చేరాను. పది మెషిన్లు ఒకేసారి మోగుతుంటే ఆవిడ మాకు వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చునేవారు. చప్పుడు విని తప్పు పట్టేవారు. "మూడో మెషినబ్బాయ్, ఏం కొంప మునిగిందని? నీ బస్సు ఇంకా స్టాండులోనే ఉందిలే." అందరూ నవ్వేవాళ్లు. మూడో మెషిన్ నాది. పరీక్షలో చెరిపి కొట్టడానికి లేదు. అందుకని ఆవిడ రోజూ చెప్పే మాట ఒకటుండేది. "ముందు కంటితో కొట్టండి. తర్వాత వేలితో."

కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూసేసి అవనిగడ్డలో టీచరుగా పనిచేస్తున్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. కుమారి మాన్యువల్ తెచ్చేనాటికి ఆవిడకు డెబ్భై దాటింది. క్లస్టర్ అన్న మాట అంతకుముందు వినలేదు. స్కేలు పెట్టుకుని ఒక్కో లైనూ చదివారు. పదిరోజుల తర్వాత నాకు ఫోన్ చేశారు.

"పేపర్లో జనానికి అర్థమయ్యేట్టు రాస్తావంటగా అబ్బాయ్. రా, చూద్దాం."

ఆ తర్వాత చాలా ఆదివారాలు, ఆవిడ చర్చి నుంచి వచ్చాక, అవనిగడ్డ ఇంటి వరండాలో ముగ్గురం కూర్చున్నాం. నేను మొదటి వాక్యం రాశాను: "చెడిపోయిన డిస్కును సులువుగా గుర్తించవచ్చు." ఆవిడ 'సులువుగా' కొట్టేశారు. "సులువో కాదో చదివేవాళ్లు చెప్తారు. అర్థంకానివాళ్లు ఈ మాట చూస్తే, తప్పు తమదే అనుకుని అడగడం మానేస్తారు." ప్రతి కమాండు కింద ఆవిడ ఇంకో లైను రాయించారు. అది కొట్టాక స్క్రీన్ మీద ఏం కనబడాలో, వేరే ఏదైనా కనబడితే ఏం చేయాలో. రెండోదానికి జవాబు ఎప్పుడూ ఒకటే. చేతులు ఒళ్లో పెట్టుకుని ఫోన్ చేయాలి.

రాసినదాన్ని ఆవిడ మా ఇద్దరితో పరీక్షించేవారు కాదు. పక్కింట్లో కుట్టుమిషన్ కుట్టుకునే ఆవిడను పిలిచి కాగితం చేతికిచ్చేవారు. అర్థమైందా అని అడిగేవారు కాదు. ఆమె వేలు ఏ లైను దగ్గర ఆగుతుందో చూసి, ఆ లైను మళ్లీ రాయమనేవారు. ఒకసారి ఆ వేలు ఒకే లైను మీద నాలుగు ఆదివారాలు ఆగింది. "ఈ రిపోర్టరుగారు జీతం తీసుకునే రాస్తారాండీ?" అందావిడ. టీచరుగారు నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తుడుచుకున్నారు.

వాళ్ల చర్చిలో పాస్టరుగారు ఒక వచనం చదివితే సంఘమంతా తర్వాతి వచనం పలుకుతుంది. ఆ పద్ధతిని టీచరుగారు డిస్కుల పనిలోకి తెచ్చారు. ఒకళ్లు కాగితం చదవాలి. మెషిన్ ముందున్నవాళ్లు ఆ లైను పైకి చదివి కొట్టాలి. కొట్టినదాన్ని స్క్రీన్ మీంచి మళ్లీ చదవాలి. అప్పుడు ఎంటర్. డిస్కు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ అవనిగడ్డ నుంచి ఫోన్లో చదివేవారు, బందరులో కుమారి పలికేది.

ఆ కాగితంలో ఒక లైను మూడుసార్లు వచ్చేది: "డిస్కు సీరియల్ నంబరు చదవండి. చీటీ మీది నంబరుతో సరిచూడండి." చీటీ అంటే పాడైన డిస్కు నంబరు ముందే రాసి పెట్టుకున్న ముక్క. డిస్కును పక్కన పెట్టేముందు ఒకసారి, ఆపేముందు ఒకసారి, తుడిచేముందు ఒకసారి. ఎందుకంటే మెషిన్ ఒకసారి ఆగి మళ్లీ లేస్తే డిస్కులకు అది పెట్టుకునే పేర్లు మారిపోవచ్చు. నిన్న మూడోది అన్నది ఇవాళ నాలుగోది కావచ్చు. సీరియల్ నంబరు మాత్రం మారదు. ఇది నాకు మొదట ఎక్కలేదు. ఆవిడ బడి భాషలో చెప్పారు. "ఇంటర్వెల్ అయ్యాక పిల్లలు బెంచీలు మారి కూర్చుంటారు. బెంచీ చూసి పేరు పిలిస్తే ఎవరో లేస్తారు. రోల్ నంబరు పిలువు."

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

టీచరుగారు కంటి ఆపరేషన్‌కి వెళ్లిన వారం, కాగితం ఫెయిర్ కాపీ తీసే పని నాకు అప్పగించారు. వార్తలో ఒక విషయం రెండుసార్లు వస్తే ఒకటి కొట్టేయడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. నంబరు చదవమన్న లైను మూడుచోట్ల కనబడింది. మొదటిది ఉంచి మిగతా రెండూ తీసేశాను. రెండు పేజీలు ఒకటిన్నర అయ్యాయి. బాగా వచ్చిందనుకున్నాను. ఆవిడకు చూపించకుండానే, ఆవిడ పంపమన్నట్టుగా బందరు పంపాను.

నెల తిరక్కముందే ఒక డిస్కు పాడైంది. ఆవేళ ఈదురుగాలి. మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేసేలోపు ఒక మెషిన్ ఆగి మళ్లీ లేచింది. కుమారి నా కాగితం ప్రకారం చేసుకుంటూ పోయింది. అవతల టీచరుగారు నల్లకళ్లద్దాలతో పడుకుని, కాగితం చదివే వీల్లేక, గుర్తున్నదాన్నిబట్టి ఫోన్లో నడిపిస్తున్నారు. ఆ సంభాషణను కుమారి తర్వాత నాకు చెప్పింది.

"తుడిచే కమాండు కొట్టానండీ. ఎంటర్ కొట్టేస్తున్నా."

"నంబరు చదవలేదేం?"

"కాగితంలో లేదండీ."

"కాగితం సంగతి తర్వాత చూద్దాం. నువ్వు నంబరు చదువు."

కుమారి చదివింది. అది చెడిపోయిన డిస్కు నంబరు కాదు. మంచిదాని నంబరు. ఎంటర్ మీద పెట్టిన వేలు తీయడానికి తనకు భయమేసిందని చెప్పింది కుమారి, తీసేటప్పుడే తగులుతుందేమోనని.

ఆ రోజు టీచరుగారు ఆమెతో, "తప్పు నీది కాదమ్మాయ్, కాగితానిది" అన్నారు. కాగితం ఎవరిదో చెప్పలేదు. తర్వాతి ఆదివారం నేను వెళ్తే కాఫీ ఇచ్చి, నా ఒకటిన్నర పేజీలు ముందు పెట్టారు. తీసేసిన రెండు చోట్లా పెన్సిల్‌తో చిన్న గీత ఉంది. "తేలిక చేయమన్నాను అబ్బాయ్. నువ్వు తగ్గించావు." అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు బాగుండేది.

ఆ తర్వాత ఆవిడ కాగితాన్ని రెండుగా చేశారు. వెనక్కి రాగలిగిన పనులన్నీ తెల్ల కాగితం మీద. తుడిచే కమాండు ఒక్కటీ విడిగా గులాబీరంగు కాగితం మీద. అది కంప్యూటర్ గదిలో ఉండకూడదు. ఆసుపత్రి వరండా చివర హెడ్‌నర్సు గదిలో ఉండాలి. "కుర్చీలోంచి లేవాలి, నడవాలి, అడగాలి. ఆ నడిచేటప్పుడు బుద్ధి మనతో కలుస్తుంది" అన్నారు.

పామర్రు సెంటర్లో నేను ఫోన్ పెట్టేసిన కాసేపటికి అవనిగడ్డ బస్సు వచ్చింది. కండక్టరు చల్లపల్లి, అవనిగడ్డ అని అరుస్తున్నాడు. మెట్టు మీద కాలు పెట్టి దించేశాను. తర్వాత వచ్చిన బందరు బస్సెక్కాను. దారిలో టీచరుగారి అమ్మాయికి ఫోన్ చేసి, నాలుగింటికి అందుకోలేకపోవచ్చని చెప్పాను. ఫోన్లో వెనక ఎవరో చర్చి పాట ఎత్తుకుంటున్నారు.

"డిస్కాండీ?" అంది.

"అవునమ్మా."

"కుమారి ఒక్కతే ఉందా?"

"నేను వెళ్తున్నాను."

"అయితే వెళ్లండి మరి. నాతో మాట్లాడుతూ కూర్చుంటారేంటి!" అని కోప్పడి పెట్టేసింది. గొంతు వాళ్లమ్మదే.

పదింటికి నేను వెళ్లేసరికి కుమారి స్టూలు మీద కూర్చుని ఉంది. స్క్రీన్ మీద ఇంకా కాపీ కావలసిన ముక్కల లెక్క కనబడుతోంది. అది సున్నా కావాలి. అయ్యేదాకా గది వదలకూడదన్నది టీచరుగారి నియమం. వానకు కరెంటు పోతూ వస్తూ ఉంది. బ్యాటరీ ఇరవై నిమిషాలకు మించి ఆగదు, జనరేటర్ చేత్తో వేయాలి. మొరాయించే డిస్కు వల్ల మిగతావీ నెమ్మదించాయి. గుడివాడ కేంద్రం నుంచి అరగంటకోసారి ఫోన్. "ఏంటి కుమారిగారూ, పాత ఫిల్ము ఒక్కటీ తెరుచుకోవట్లేదు. డాక్టరుగారు మా మీద పడుతున్నారు ఇక్కడ!"

మధ్యాహ్నం రెండున్నరకి లెక్క నలభై ఒకటికి దిగింది. అక్కడ ఆగిపోయింది. పది నిమిషాలు చూశాం. ఇరవై నిమిషాలు చూశాం. నలభై ఒకటే.

"అన్నయ్యా, వేలల్లోంచి నలభై ఒకటికి వచ్చింది. ఇప్పుడు తీసేసి బయల్దేరితే చివర్లోనైనా మట్టి వేయొచ్చు."

నాకూ అదే అనిపించింది. ఎందుకు ఆగిందో ఇద్దరికీ తెలియదు. ఆ నలభై ఒక్క ముక్కలు ఎవరి ఫిల్ములవో చెప్పే కమాండు మాకు తెలియదు. ఎవరిదో ఊపిరితిత్తి కావచ్చు, ఎవరిదో చిన్నమెదడు కావచ్చు. ఏమీ కాకపోవచ్చు కూడా. నేను తెల్ల కాగితం తీసి చదివాను. "లెక్క సున్నా అయ్యేదాకా ఆగండి." దాని కింద ఇంకో లైను ఉంది. "సున్నాకి దగ్గరగా ఉండటం సున్నా కాదు." ఆ రెండో లైను నేను ఫెయిర్ కాపీ తీసినప్పుడు లేదు. తర్వాత ఎప్పుడు చేర్చారో తెలియదు.

"ఆగుదాం" అన్నాను.

కుమారి తల తిప్పుకుంది. అప్పుడు చెప్పాను. ఆనాటి కాగితంలో రెండు లైన్లు తీసేసింది నేనని.

ఆమె నా వైపు చూసింది. "మీరాండీ?"

"నేనే."

"రెండేళ్లుగా... ప్రతిసారీ ఎంటర్ కొట్టేముందు నా చెయ్యి వణుకుతుందండీ. టీచరుగారు నా మీద జాలితో తప్పు కాగితానిదన్నారనుకున్నా. నా చేతినే తిట్టుకున్నానండీ."

అన్నయ్యా అని పిలవలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సిన పని కూడా ఆమె మీదే పడేది. బయట వాన పెరిగింది. కరెంటు ఒకసారి పోయింది, ఆమె పరుగెత్తి జనరేటర్ వేసి వచ్చింది. మెషిన్లు ఆగలేదు. నాలుగయింది. అవనిగడ్డలో ఆ సమయానికి ఏం జరుగుతోందో ఇద్దరికీ తెలుసు.

నాలుగూ పదికి నలభై ఒకటి ముప్పై ఎనిమిదయింది. తర్వాత పన్నెండు. తర్వాత సున్నా. క్లస్టర్‌ని అడిగే కమాండు ఒకటుంది, ఈ డిస్కును తీసేస్తే ఏమైనా పోతుందా అని. కుమారి అడిగింది. ఏమీ పోదని వచ్చింది.

నేను చదవడం మొదలుపెట్టాను. ఆమె నా మొహం చూడకుండా పలికింది. నేను లైను చదివితే ఆమె లైను. నేను నంబరంటే ఆమె నంబరు, ఒక్కో అక్షరం, ఒక్కో అంకె. మొదటి నంబరు పొద్దున్నే చదివేసింది, అయినా మళ్లీ చదివింది. డిస్కును ఆపేముందు రెండోసారి. తర్వాత లేచి వరండా చివరికి నడిచింది. తిరిగి రావడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టింది. వచ్చి గులాబీ కాగితం నా చేతికిచ్చింది. కళ్లు కడుక్కుని వచ్చినట్టుంది.

మూడోసారి నంబరు చదివాను. ఆమె స్క్రీన్ మీంచి చదివింది. చీటీ మీంచి చదివింది. సరిపోయింది.

"కొట్టనా?" అంది.

ఆ మాట ఎప్పుడూ ఫోన్లో టీచరుగారిని అడిగేది. "కొట్టమ్మా" అన్నాను. ఆమె స్క్రీన్ మీది లైను ఇంకోసారి చదివింది. ఎంటర్ కొట్టింది.

గుడివాడ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఫిల్ములు తెరుచుకుంటున్నాయని చెప్పడానికట. కుమారి సరేనని పెట్టేసింది. మెషిన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, మూత తీసి, ఏడో డిస్కును బయటికి లాగింది. చివరిసారిగా దాని ఒంటి మీది నంబరు తనకు తానే మెల్లగా చదువుకుంది.

డిస్కు ఇంకా వేడిగా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, పైన అరచెయ్యి ఆనించింది. కిటికీ అద్దం మీద వాన కారుతోంది. అయిదు దాటింది. అది చల్లబడేదాకా ఆమె చెయ్యి తీయలేదు. నేనూ లేవలేదు.